పాత బండి గట్టిదనుకున్నాను

“పాతకాలం ఇనుము, దానికేమవుద్ది?” మా హెచ్‌ఎంటి జీటరు ట్రాక్టరు గురించి ఎవరడిగినా నేను చెప్పిన జవాబు ఇదే. చాలామందికి చెప్పాను, గర్వంగా చెప్పాను. ఆ మాట తప్పని తెలియడానికి ఆ బండి ఇంజనును నా చేతులారా పాడుచేసుకోవాల్సి వచ్చింది. పాత వ్యవసాయ యంత్రాలు కొత్తవాటికంటే ఎక్కువకాలం ఎందుకు నిలుస్తాయని ఇప్పుడు నన్నడిగితే నా దగ్గర జవాబు ఉంది. కానీ నా తెలివితక్కువతనం దాచిపెట్టి ఆ జవాబు చెప్పడం కుదరదు.

హెచ్‌ఎంటి అనగానే చాలామందికి చేతిగడియారం గుర్తొస్తుంది. రైతులకు ట్రాక్టరు కూడా గుర్తొస్తుంది. 1971లో హర్యానాలోని పింజోరులో, అప్పటి చెకోస్లొవేకియా వాళ్ళ సహకారంతో ఆ ప్రభుత్వ సంస్థ జీటరు ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. మాది 2511. రెండు సిలిండర్లు, 25 హార్స్‌పవర్. నాన్న దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. పల్నాడులో మాది నల్లరేగడి. పత్తి, మిరప, కంది, శనగ, ఏది వేసినా దుక్కికి అదే, గొర్రుకు అదే, నూర్పిడికి అదే. మిరప టిక్కీలు గుంటూరు యార్డుకి తోలిందీ అదే. 2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటి ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని నిర్ణయించింది. ఆ విభాగం పోయినా మా బండి తిరుగుతూనే ఉంది. అది చూసి నా నమ్మకం ఇంకా ముదిరింది.

నాన్న పొద్దున్నే బండి దగ్గర చేసే పనులన్నీ నాకు చాదస్తంగా కనపడేవి. స్టార్టు చెయ్యకముందే ఆయిలు గేజి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. రేడియేటరు మూత తీసి నీళ్ళు చూసేవాడు. ఎయిర్ క్లీనరు అడుగున ఉండే గిన్నె విప్పి చూసేవాడు. దుక్కుల రోజుల్లో గ్రీజు గన్ను పట్టుకుని ముందు ఇరుసు దగ్గర వంగి, లోపలున్న పాత గ్రీజు మురికితో సహా బయటికొచ్చేదాకా కొట్టేవాడు. డీజిలు పోసేటప్పుడు గరాటులో సన్నటి గుడ్డ వేసేవాడు. అదీ సాయంత్రం పనయ్యాకే పోసేవాడు. పొద్దున పొయ్యొచ్చు కదా అంటే, “రాత్రంతా ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పడుద్దిరా, ఆ నీళ్ళు పంపులోకి పోతాయి” అనేవాడు. నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. గాలి చల్లబడితే అందులోని తేమ నీరవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాఠం, నాన్న చెప్పే మాట ఒకటేనని మాత్రం నాకు తట్టలేదు.

రేడియేటరులోకి బోరు నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. సాగర్ కుడి కాలువ నీళ్ళో, డ్రమ్ములో పట్టి ఉంచిన వాన నీళ్ళో పోసేవాడు. మా బోరు నీళ్ళతో కందిపప్పు ఉడకదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వంటకి పనికిరాని నీళ్ళు ఇంజనుకి ఎలా పనికొస్తాయని ఆయన ఆలోచించాడు, నేను ఆలోచించలేదు.

నాన్న పోయాక వ్యవసాయం నా చేతికొచ్చింది. ఆయన పొద్దుటి పనులు నేను ఒక్కసారిగా మానెయ్యలేదు. మొదట గ్రీజు కొట్టడం ఆలస్యమైంది. తర్వాత డీజిలు గరాటులో గుడ్డ పోయింది. కాలువకి వెళ్ళి నీళ్ళు తేవడం ఎందుకని బోరు పైపు తిప్పాను. ఏదీ చెయ్యకపోయినా బండి స్టార్టవుతూనే ఉంది, దున్నుతూనే ఉంది. ఇన్నేళ్ళు నాన్న దండగపని చేశాడని అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు చాలా బాధగా ఉంది.

అసలు దెబ్బ ఎయిర్ క్లీనరు దగ్గర తగిలింది. పాత ట్రాక్టర్లలో గాలిని శుభ్రం చేసేది కాగితం ఫిల్టరు కాదు, ఆయిలు. ఇంజను పీల్చే గాలి గొట్టంలోంచి కిందికి దిగి, గిన్నెలో ఉన్న ఆయిలుకి తగిలి, అక్కడ ఒక్కసారిగా పైకి మళ్ళుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక ఆయిల్లో పడిపోతుంది. తప్పించుకున్న సన్నటి దుమ్ముని పైన ఉన్న తీగల వల పట్టుకుంటుంది. అది చూడ్డానికి కొబ్బరి పీచులా ఉంటుంది, ఎప్పుడూ ఆయిలుతో తడిగా ఉంటుంది. విప్పి, బురద పారబోసి, కిరసనాయిలుతోనో డీజిలుతోనో కడిగి, గీత దాకా కొత్త ఆయిలు పోస్తే చాలు, అది మళ్ళీ కొత్తదే. గీత దాటి పొయ్యకూడదు. ఎక్కువైతే ఇంజను ఆ ఆయిలునే పీల్చి, యాక్సిలేటరుతో సంబంధం లేకుండా దానంతటది వేగం అందుకునే ప్రమాదం ఉంది. ఇంత చవగ్గా, ఇంత తేలిగ్గా బాగుచేసుకునే ఫిల్టరు ఇంకోటి నేను చూడలేదు. దానికి ఒక్కటే షరతు, దుమ్ములో పనిచేసేటప్పుడు రోజూ విప్పి చూడాలి.

వేసవి దుక్కుల్లో మా రేగడి చేల మీద లేచే దుమ్ము ఎలాంటిదో ఆ పని చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు చక్రం కనపడదు. కంది నూర్పిడప్పుడు పొట్టు సరేసరి. ఆ రోజుల్లోనే నేను గిన్నె విప్పడం మానేశాను. అది చాలదన్నట్టు, ఎయిర్ క్లీనరు నుంచి ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టం ఎండకి పగిలితే దానిమీద పాత ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. నా పనితనానికి మురిసిపోయాను కూడా. గొట్టం పగులులోంచి పోయే గాలి ఏ ఆయిలూ తగలకుండా నేరుగా సిలిండర్లోకి పోతుందన్న ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత దసరాకి బండికి రంగు వేయించాను. ఆయుధ పూజనాడు అందరూ చూడాలని నా ఆశ. బండిలో ఏ లోపాలున్నాయో చూసుకోకుండా పైపైన మెరిపించడమే గౌరవం అనుకున్నాను. పెయింటరు పాపం చెప్పిన పని చేశాడు. గ్రీజు నిప్పుల్స్ మీద కూడా రంగు కొట్టేశాడు. వాటి మూతులు మూసుకుపోయాయి. ఎప్పుడో గుర్తొచ్చి గ్రీజు గన్ను పెడితే గ్రీజు లోపలికి పోకుండా పక్కకి జారింది. ఎక్కువైంది కాబట్టి పోవట్లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముందు ఇరుసు పిన్నులు, బుష్షులు ఎండిపోయి అరిగాయి. స్టీరింగు ఆడటం మొదలైంది.

ఇంజను చాలా ముందే సూచనలు ఇచ్చింది. పొద్దున సెల్ఫు కొడితే ఒకంతట పట్టేది కాదు. పొగ నీలంగా వచ్చేది. ఆయిలు తగ్గిపోయేది, పోస్తే మళ్ళీ తగ్గేది. బ్రీదరు గొట్టంలోంచి పొగ గుప్పుగుప్పుమని వచ్చేది. నేను చూసి కూడా లోపం డీజిలు పంపులో ఉందని తీర్మానించాను. ఎందుకంటే ఇంజనులో నాకు బొత్తిగా అర్థంకాని భాగం అదే. పంపు విప్పించి క్యాలిబ్రేషనుకి పంపాను. నాజిళ్ళు మార్పించాను. డబ్బు పోయింది, నీలం పొగ పోలేదు. చిక్కటి ఆయిలు పోస్తే తగ్గుతుందని ఎవరో అంటే అదీ పోశాను. ఎవరేం చెబితే అది చేశాను, ఆ గిన్నె విప్పడం తప్ప.

నరసరావుపేటలో నాన్న బండి చూసిన మేస్త్రి దగ్గరికి చివరికి వెళ్ళాను. ముందే వెళ్ళకపోవడానికి కారణం మొహమాటం. నాన్న ఉన్నప్పుడు ఆయన షెడ్డులో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు ఇద్దరూ. సంగతి విని మేస్త్రి మా ఇంటికే వచ్చాడు. ఇంజను స్టార్టు చెయ్యమని కూడా అడగలేదు. నేను చుట్టిన ట్యూబు ముక్క విప్పి, రబ్బరు గొట్టం ఊడదీసి, ఇంజను వైపు ఉన్న రంధ్రంలో చూపుడువేలు పెట్టి తిప్పి బయటికి తీశాడు. వేలి కొసన నల్లటి పిండి. దాన్ని బొటనవేలితో రుద్దమని నా వైపు చెయ్యి చాపాడు. నేను రుద్దాను. గరగరలాడింది. “అబ్బాయ్, ఇదంతా ఇంజను తిన్న మన్ను. పంపు మీద ఎందుకు పడ్డావు?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండేది. ఆ తర్వాత గిన్నె విప్పాడు. ఆయిలు లేదు. అడుగంతా గట్టిపడిన బురద.

మన్నులో ఉండే ఇసుక రేణువులు ఇనుముకంటే గట్టివి. పిస్టను రింగుకీ లైనరుకీ మధ్య ఉండేది వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని ఆయిలు పొర. దుమ్ము ఆ పొరలో చేరితే ప్రతి విసురుకీ అక్కడ రాపిడే. హెడ్డు తీశాక మేస్త్రి నా వేలు పట్టుకుని లైనరు పైభాగంలో గోరుతో గీయమన్నాడు. గోరు ఒకచోట తట్టుకుంది. పై రింగు తిరిగే చోట లైనరు అరిగి, దానిపైన అరగని భాగం మెట్టులా మిగిలిపోయింది. కొత్త రింగు ఒకటి లోపల కూర్చోబెట్టి, రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి ఆకులు ఒక్కొక్కటే దూర్చాడు. మందమైన ఆకు కూడా దూరిపోయింది. “ఇంజను బోరుకొచ్చింది” అన్నాడు. అంటే లైనర్లు, పిస్టన్లు మార్చాల్సిందే.

లైనర్లు పుల్లరుతో లాగినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఈ ఇంజనులో లైనర్లు వెట్ లైనర్లు, అంటే బయటివైపు నేరుగా నీళ్ళే తగులుతాయి. ఆ బయటివైపంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీరితే పలకలుగా ఊడింది. నేను పోసిన బోరు నీళ్ళ సున్నం అది. ఆ పెచ్చు ఉన్నంతకాలం లోపలి వేడి నీళ్ళకి సరిగ్గా చేరదు. నాన్న డ్రమ్ములో పట్టి ఉంచిన వాన నీళ్ళ విలువ నాకు అప్పుడు తెలిసింది.

అప్పటికి నేను ఇంకో పొరపాటు చెయ్యబోతున్నాను. పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేసి లోనులో కొత్తది తీసుకుందామనుకున్నాను. మేస్త్రి వద్దనలేదు. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు అన్నీ రాసి చీటీ చేతిలో పెట్టి, “ఇవి దొరికితే బాగుచేద్దాం, దొరక్కపోతే అమ్మేద్దువుగాని” అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో అన్నీ దొరికాయి. తయారుచేసిన విభాగం మూతపడి ఏళ్ళయినా దాని గుండెకాయ భాగాలు కొట్లో అరల మీద ఉన్నాయి. ఎందుకంటే ఇవి పోత పోసి, లేత్ మిషను మీద కొలత ప్రకారం తిప్పితే వచ్చే వస్తువులు. కొలత తెలిసినవాడు ఎవడైనా చెయ్యగలడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బిగించే రోజుల్లో నేను షెడ్డులోనే ఉన్నాను. లైనరు అడుగున రబ్బరు రింగులకి సబ్బు నీళ్ళు రాసి లోపలికి దించడం, క్రాంకు గ్రైండింగు చేయించి దానికి తగ్గ సైజు బేరింగులు వెయ్యడం, వాల్వులకి పేస్టు రాసి చేత్తో తిప్పుతూ కూర్చునేదాకా అరగదియ్యడం, అన్నీ చూశాను. అరిగిపోయే భాగాలన్నిటినీ విడిగా తీసి మార్చుకునేలా ఆ ఇంజనుని మొదట్లోనే తయారుచేశారు. అరగకూడని భాగాలు, అంటే బ్లాకు, గేరు బాక్సు, వెనక ఇరుసు, వాటిని 25 హార్స్‌పవర్ పనికి అవసరమైనదానికంటే బలంగా పోశారు. చేసినవాళ్ళు, అది అరుగుతుందని, ఎక్కడో పల్లెటూరి షెడ్డులో ఎవడో విప్పుతాడని ముందే ఊహించారు. దాని గట్టితనం ఇదీ. నేను అనుకున్నది వేరు.

కొత్తవాటి సంగతీ చెప్పాలి. మా బాబాయి కొడుకు 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టరు కొన్నాడు. సీటు, స్టీరింగు, బ్రేకులు, లైట్లు అన్నీ మా బండికంటే ఎంతో మేలు. నేను నడిపాను, నడుం నొప్పి రాలేదు. ఒకసారి సీజను మధ్యలో మీటరు మీద ఎర్ర లైటు వెలిగి ఇంజను బలం తగ్గించుకుంది. కారణం డీజిల్లో నీళ్ళు. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో వచ్చి లోపం చదివేదాకా బండి చేలోనే ఉంది. పక్క చేలో మా జీటరుకి అదే నీళ్ళు తగిలితే నేను ఫిల్టరు అడుగున బోల్టు వదులు చేసి, నీళ్ళు కార్చి, చేతి పంపుతో గాలి తీసి, మళ్ళీ దున్నుకునేవాణ్ణి.

అది ఆ బండి తప్పు కాదు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు కేంద్రం కఠినమైన పొగ నిబంధనలు పెట్టింది. పొగ తగ్గాలంటే డీజిలుని చాలా సన్నగా, సరిగ్గా సమయానికి చిమ్మాలి. పాత నాజిలు 200 బార్లకి అటూఇటూ ఒత్తిడితో చిమ్మితే, కామన్ రైలు వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చిమ్ముతుంది. దానికి కంప్యూటరు, సెన్సార్లు కావాలి. అంత ఒత్తిడికి భాగాల మధ్య సందు ఎంత తక్కువగా ఉండాలో ఊహించుకోండి. అందులో నీటి చుక్క, దుమ్ము రేణువు పడితే ఓర్చుకోలేదు. మా జీటరు వదిలే పొగ మా పిల్లలూ పీల్చారు. పొగ తగ్గాలనడంలో నాకు రెండో మాట లేదు. నా బాధంతా లోపం ఏమిటో తెలుసుకునే దారి రైతు చేతిలోంచి, ఊరి మేస్త్రి చేతిలోంచి పోయిందనే. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతులకు ఆ హక్కు ఇస్తూ చట్టమే చేసింది. మన దగ్గర అది కాగితం దాటి మేస్త్రి షెడ్డు దాకా రావాలి. లోపం కోడు అర్థం తెలుగులో దొరకాలి. నరసరావుపేట మేస్త్రి తెలివికి ల్యాప్‌టాప్ అడ్డం కాదు, తాళం అడ్డం.

పాతవన్నీ గట్టివే అన్న మాట కూడా నిజం కాదు. నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో జీటర్లు, మాసీ 1035లు, మహీంద్రా బి-275లు చాలా ఉండేవి. రేడియేటరే లేని ఒంటి సిలిండరు ఐషర్ 241 చప్పుడు ఊరవతలి నుంచే వినపడేది. వాటిలో ఎక్కువ భాగం తూకానికి పోయాయి. ఇప్పుడు మన కంటికి కనపడేవి మిగిలినవి మాత్రమే. మిగిలినవాటిని చూసి పాతకాలం ఇనుము గొప్పది అనుకోవడం నేను చేసిన తప్పు. ఆ మిగిలిన ఒక్కో బండి వెనక రోజూ నడుం వంచి గిన్నె విప్పిన మనిషి ఒకడుంటాడు. మా బండి వెనక నాన్న ఉన్నాడు. ఆయన కష్టాన్ని నేను ఇనుము ఖాతాలో రాశాను.

మా బండి హద్దులు కూడా నాన్నకి తెలుసు. ఎవరు ఎంత బాడుగ ఇస్తానన్నా పెద్ద రోటావేటరు తగిలించనిచ్చేవాడు కాదు. చీకటి పడ్డాక ట్రక్కుతో హైవే ఎక్కనిచ్చేవాడు కాదు. తిరగబడితే మనిషిని కాపాడే చట్రం దానికి లేదు, బ్రేకులు ఈ కాలపు రోడ్లకి చాలవు. పాత బండి నడిపేవాళ్ళు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మా జీటరు నడుస్తోంది. నీలం పొగ లేదు. గ్రీజు నిప్పుల్స్ అన్నీ కొత్తవి వేయించాను, రంగు గీకించాను. గిన్నె నేనే విప్పుతున్నాను. మేస్త్రి షెడ్డులో మాత్రం పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. ఐటీఐల్లో మెకానిక్ ట్రాక్టర్ అని ఏడాది కోర్సు ఉంది. అందులో చేరిన పిల్లలు ఇలాంటి షెడ్డులో ఒక సీజను కూర్చుంటే బాగుండును. ఆయన చేతిలో ఉన్న విద్య ఆయనతోనే పోతే, ఆటోనగర్‌లో ఎన్ని లైనర్లు దొరికినా వాటిని కూర్చోబెట్టేవాడు ఉండడు.

మీ ఇంట్లో, మీ అన్నదమ్ముల ఇంట్లో ఇలాంటి పాత ట్రాక్టరు ఉంటే ఒక్క మనవి. వేసవి దుక్కులు మొదలయ్యేలోపు ఎయిర్ క్లీనరు విప్పి గిన్నె కడిగి గీత దాకా ఆయిలు పొయ్యండి. రబ్బరు గొట్టం పగిలి ఉంటే చుట్టకండి, కొత్తది వేయించండి. దాన్ని ఇన్నాళ్ళూ చూసుకున్న పెద్దాయన ఇంకా ఉంటే, పక్కన కూర్చుని ఏం చేసేవాడో, ఎందుకు చేసేవాడో ఇప్పుడే అడిగి రాసుకోండి.